కొమ్మున్న పులి

తొరైపాక్కంలో మూడో అంతస్తు,
బయట వాన, లోపల ఏసీకి జలుబు.
నేనొక కంప్యూటరు ముందు,
కయల్విళి వెనక వరసలో ఇంకో దాని ముందు.
ఇద్దరి మధ్యా ఒకటే కాగితం,
కాగితం కాని కాగితం.
నా కర్సరు ఊదా రంగు, తనది ఆకుపచ్చ.
నెత్తిన పేర్లు మోసుకుంటూ రెండూ
ఒకే వాక్యంలో తిరుగుతుంటాయి.

నా ఉద్యోగం తగవు పెట్టడం.
ఒకే చోట ఇద్దరు ఒకేసారి చెయ్యి పెడితే
ఏమవుతుందో చూసి రాయడం.
ఇంగ్లీషులో నెల రోజులు పెట్టాం.
ఎంత కొట్టుకున్నా చివరికి రెండు తెరలూ
ఒకే మాట మీదికి వచ్చేవి.
"ఇక మీ భాషలో" అంది.

పులకింత అని మొదలుపెట్టాను.
ఎందుకా మాట అంటే చెప్పలేను,
ఇరవై తొమ్మిదో తారీఖు,
పులకించడానికేమీ లేదు.
పులక దాకా వచ్చి ఆగాను.
నెట్‌ని కావాలనే నత్తను చేశాం.
"ఒణ్ణు, రెండు, మూణు" అంది కయల్విళి.
తను క కొట్టేసింది.
సరిగ్గా అప్పుడే
ఆ క కి నేను గుడిచ్చాను.

నాలుగు సెకన్లు.
తర్వాత రెండు తెరల మీదా
పులి.

నేను రాయలేదు. తను రాయలేదు.
క పోయింది, దాని గుడి పోలేదు,
నిలువ నీడ లేక పక్కింటి ల మీద వాలింది.
ప కి అప్పటికే కొమ్ముంది.
ఒక కొమ్ము, ఒక గుడి,
తోక కూడా ఊపకుండా నిలబడ్డ పులి.

"సరైన మాటేనా?" వెనక నించి కేక.
చదివి చెప్పాను.
"పులియా? జంతువా, చింతపండా?"
తన భాషలో నాలుక ఒక్క మెలిక తిరిగితే
పులి చింతపండైపోతుంది.
జంతువే అన్నాను.
"రెండు తెరల్లోనూ అదే ఉందిగా, మరి పాస్" అంది
పులిహోర డబ్బా మూత తీస్తూ.

పాస్ కాదు.
కొరుక్కుపేట ఇంటి పంపకాలప్పుడు
మా మేనమామలు నలుగురూ సంతకాలు పెట్టిన
రాజీ కాగితం నాకింకా గుర్తుంది.
అందరూ ఒప్పుకున్నారు,
ఒక్కరూ అనని మాటని.

తను బోర్డు మీద బొమ్మ గీసింది.
కొట్టేసిన అక్షరం నిజానికి పోదట,
కంటికి కనబడదు, అంతే.
ఉన్నచోటే ఒక సమాధిరాయి మిగులుతుంది,
పక్కవాళ్లు వరస తప్పకుండా.
"అయితే సులువే. అక్షరం పోతే
దాని మీదున్న గుర్తులూ దాంతోనే పోవాలి."
సహగమనమా, అన్నాను తెలుగులో.
అర్థం చెప్పమంది. చెప్పాను.
డస్టరు తీసుకుని తనే చెరిపేసింది.

ఇంకో దారి లేకపోలేదు.
ఎవరో కొట్టేశారు, సరే.
అదే ఘడియలో ఇంకెవరో దానికి
గుడి కడుతున్నారు కదా.
అట్లాంటి అక్షరాన్ని చావనివ్వకూడదు,
లేపాలి.
టికెట్‌లో ఇలా రాయలేదులెండి.
"మూలాక్షరాన్ని పునరుద్ధరించాలి, ప్రాధాన్యం రెండు"
అని రాశాను.

మరి కొట్టేసినవాళ్ల మాటేమిటని మేనేజరు అడిగాడు.
కావాలంటే మళ్లీ కొట్టేస్తారు సార్, అన్నాను,
ఈసారి గుడి చూసి కొడతారు.

పదకొండు రోజులు పట్టింది.
ఇప్పుడు రోజూ రాత్రి రెండింటికి
మనుషుల్లేని ఆ అంతస్తులో
ఒక యంత్రం పులక అని రాస్తుంది,
ఒక చేత్తో క తుడుస్తుంది,
ఇంకో చేత్తో గుడి కడుతుంది,
పులి కోసం కాచుకుంటుంది.

పొద్దున్నే పెరుంగుడి స్టేషన్లో దిగి
షేర్ ఆటో కోసం నిలబడి ఫోన్ తీస్తాను.
ఇప్పటిదాకా ప్రతిరోజూ పచ్చ టిక్కే.
"వందదా?" అని కయల్విళి మెసేజ్.
"వరలై" అని నేను.
కానీ ఆ టిక్కు పడేలోపు
తెర మీద చిన్న చక్రమొకటి తిరుగుతుందే,
అది ఆగేదాకా
నా ముంజేతుల మీద ఒక్కొక్క వెంట్రుకా
లేచి నిలబడుతుంది.