తొమ్మిది గుర్రాలు

డాండెనాంగ్‌లో టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డు.
ద్రాగన్ బానెట్ ఎత్తి
నా పాత సుబారు గొంతులోకి టార్చి వేశాడు,
పంటి డాక్టర్‌లా.

"ముందు గాలి సంగతి.
ఈ పొట్టి గొట్టం చవక. కానీ ఇంజన్ పక్కనే కూచుని
దాని వేడినే మళ్ళీ తాగుతుంది.
చల్లగాలి కావాలంటే బంపర్ వెనక దాకా పోవాలి.
అప్పుడు వానగుంటలు చూసి నడుపు,
నీళ్లు మింగిందా, ఇక అంతే."

సైలెన్సర్ వైపు మూడంగుళాలు అడిగాను,
పెద్దదైతే గొప్ప కదా అని.
నవ్వలేదు. "రెండున్నర చాలు. వేగం చచ్చిపోతుంది."
ఊదుగొట్టం వెడల్పైతే పొయ్యి రాజుకోదని
నాకెందుకు తట్టలేదో!

బళ్ళో డ్రిల్లు మాస్టారు ముక్కు పట్టించి
అంకెలు లెక్కపెట్టించేవాడు:
"వదలడం రానివాడికి పీల్చడం రాదురా!"
ఆయనకీ ఈ సెర్బియా మనిషికీ ఎక్కడి చుట్టరికం?

శనివారం, రోలర్ల మీద
కారు కదలకుండానే పరుగెత్తింది.
గోడ మీద క్యాలెండర్ ఊగింది.
కాగితంపై రెండు గీతలు,
మధ్య సందులో తొమ్మిది గుర్రాలు.
రెండువేల ఆరువందల డాలర్లు.
ఒక్కోటి ఎంత పడిందో లెక్క కట్టలేదు.

సోమవారం, మొనాష్ ఫ్రీవే, ఐదున్నర.
ముందు ఇటుకల లారీ.
తొమ్మిదీ కాలు దువ్వుతున్నాయి
ఫస్ట్ గేర్లో.

అద్దం దించాను.
పక్క కారులో గుక్కపట్టిన చంటివాడు
ఆ గురగురకి ఏడుపు ఆపి చూశాడు.

న్యూట్రల్‌లోకి వేసి,
వాడికోసం
ఒక్కసారి కాలు నొక్కాను.