బస్తాలో మూడు గింజలు

ఆరుద్ర కార్తెలో రెండో ఉరుముకి
లంకలో పుట్ట పక్కన గొడుగులు లేచాయట.
తొలి పడవకే రేవు దాటొచ్చి
మా ల్యాబు మెట్ల మీద కూర్చుంది పల్లాలమ్మ,
అరిటాకులో ఒక పొట్లం,
సిమెంటు సంచి ముక్కలో ఇంకొకటి.

ఫారంలో ‘సేకరించిన చోటు’ అని ఉంటుంది.
ఆకు పొట్లం సంగతి అడిగితే నవ్వింది.
"మా అత్త పోయేముందు చెప్పింది నాకు.
నేనూ పోయేముందే చెప్తాను.
నువ్వు లంక అని రాసుకో, చాలు."
సంచి పొట్లానికి దాపరికం లేదు:
రొయ్యల చెరువు గట్టు,
మందు డబ్బాలు కడిగే తూము పక్క.

ఆరబెట్టాను. తొంభై వంతులు నీరే, పోయింది.
మిగిలింది పిడికెడు, పాత చెప్పు తోలులా.
దంచి, ఆసిడ్‌లో కరిగించి, మంటకి పట్టాను.
మా మిషన్లో ఒక్కో లోహానికి ఒక్కో దీపం.
ఇనుముది, జింకుది, రాగిది.
కాడ్మియం దీపం ఎప్పుడూ
ఆఖర్నే వెలిగిస్తాను, ఎందుకో.

వారానికి మళ్ళీ వచ్చింది.
"పీపీఎం అంటే?"
పదిలక్షల్లో ఒక వంతు అన్నాను.
ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు.
డెబ్భై ఐదు కిలోల ధాన్యం బస్తా అనుకో,
అందులో మూడు గింజలు.

అప్పుడు చూసింది నా వైపు.
"ఎనిమిదో ఏటి నుంచీ పరిగేరినదాన్ని.
కోసిన చేలో ఒంగి ఒంగి
నెర్రెల్లోంచి గోటితో తీస్తే
పొద్దుగూకేసరికి సోలెడు.
మూడు గింజలెంతో నాకు చెప్తావేంటమ్మాయ్."

సరే, ఆమె కొలతలోనే చదివాను.
లంకవాటిలో ఇనుము గుప్పెడికి కాస్త తక్కువ,
జింకు అందులో సగం,
సెలీనియం ఒక్క గింజ, అదీ తాలు.
గట్టువాటిలోనూ ఇనుముకి లోటు లేదు.
కాడ్మియం తొమ్మిది గింజలు.

చాలాసేపు మాట్లాడలేదు.
"ఊద కూడా అంతే.
విత్తనంలో నాలుగు గింజలు కలిస్తే
మూడో ఏటికి మడంతా అదే."

తర్వాత, నన్ను కాదు, కాగితాన్ని అడిగింది:
"మా మనవరాలికి కనురెప్ప లాగితే తెల్లగా ఉంటుంది.
ఐరన్ మాత్రేస్తే కక్కేస్తుంది.
ఇగురు పెడితే గిన్నె నాకుతుంది.
నిరుడు లంక మునిగింది,
గట్టువే పెట్టాను వర్షాలన్నాళ్ళూ.
ఆ గింజలు ఇప్పుడెక్కడున్నాయి?"

మా కాగితంలో ఆ గడి లేదు.
పెద్దాసుపత్రిలో రక్తం చూపించమని
చీటీ రాసిచ్చాను. మడిచి రొంటిన దోపుకుంది.

వెళ్తూ కొత్త పొట్లం విప్పి
రెండు గొడుగులు నా బల్ల మీద పెట్టింది,
కాడలకి పుట్టమన్ను ఇంకా తడిగానే ఉంది.
"లంకవే," అంది.
గుమ్మం దాటాక వెనక్కి తిరిగి,
"నానబెట్టకు. గుడ్డతో తుడువు.
రుచంతా నీళ్ళలో పోద్ది."