ఆది జాకెట్టు

ఎనిమిదిన్నర అయిందంటె
అండాలక్క నా దుకాణంల ఉంటది.
దేవరకొండ బస్టాండు ఎనుక సందు,
ఒక మిషిను, ఒక ఇస్త్రీ బల్ల,
గోడకు బిగించిన చిన్న టీవీ.
ఎడమ మోకాలు వంగదు కాబట్టి
ఎత్తు స్టూలు ఆమెది. దానిమీద ఇంకెవ్వరు కూసోరు.

వచ్చేది నవ్వుల సీరియల్.
నేను నవ్వుత. ఆమె ఎతుకుతది.

"అగో, సూడు.
వంటింట్ల ఉన్నప్పుడు ఆకుపచ్చ గాజులు,
హాల్లకొచ్చేసరికి ఎర్రయి.
నడుమ ఉన్నది ఒక్క గడప.
గడపల గాజుల దుకాణం పెట్టిండ్రా?"

మామ సగం చాయ్ తాగుతడు.
కోడలు దిక్కు పోయి మల్ల మామ దిక్కు వచ్చేవరకు
గ్లాసు నిండ చాయ్.
"గా ఇంటికి పాలు పోసెటోడెవడో
అడిగి పెట్టు పిల్లా."

పక్కింటి పోరడు నాలుగేండ్లసంది అయిదో తరగతే.
మీసాలు గీక్కొని బడికి పోతడు.
దండేసిన ఫోటోల మేనత్త
దీపావళికి లడ్డూల డబ్బ పట్టుకొని తలుపు కొట్టింది.
"వస్తె రానీ, పాపం.
ఫోటో అన్న తియ్యొద్దా?"

ఒకనాడు సీరియల్ల వియ్యపురాలు
సంచి కింద పెట్టి, చెమట తుడుచుకుంట అన్నది:
"దేవరకొండ రైలు గంట లేటు వదినా!"

మిషిను ఆపిన.
సందుల నాలుగిండ్లల్ల ఒక్కటే నవ్వు.
మాకు రైలెక్కడిది?
పట్టాలే లెవ్వు, ఇగ లేటెక్కడిది?
తెల్లారి బస్టాండు మైకుల ముత్తిలింగం,
"నల్లగొండ పోయే రైలు రెండో ప్లాటుఫారం మీద" అన్నడట.
సోడాబండి గౌసు, పాల సైదులు,
వారం దినాలు ఎవరు ఆలస్యమైనా గదే మాట:
"రైలు లేటైంది."
అండాలక్క ఒక్కతె
ఆ తప్పును తప్పులల్ల కలపలే.
"ఉండనీ" అన్నది. "గట్లన్న ఒక రైలొచ్చింది."

గాని తాత కుంటుడు దగ్గర ఊకోలే.
సోమారం ఎడమకాలు, మంగళారం కుడికాలు.
చేతికట్టె సుత
ఈ చేతిలకెల్లి ఆ చేతిలకు.
డబ్బాల పోసి పెట్టిన నవ్వులు, ఎవరివో,
ఒక్కసారే ఒలికినయి.
టీవీ వెలుగు ఆమె మొఖం మీద రంగులు మారుకుంట పోయింది.
అడ్వటేజుమెంట్లు అయిపోయినయి.
అప్పుడన్నది:
"కుంటుడు కాలు మారుస్తదా పిల్లా?
మారితె, నేను దీనికి
ఒక్క పూటన్న సెలవిద్దును గద."

మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి పెరిగిన ఎముకలు.
"నీళ్లు తియ్యగనె ఉండె" అంటది ఎప్పుడడిగినా.

నా పని సుత గిదే.
కొత్త జాకెట్టుకు ఆది జాకెట్టు తెస్తరు.
పోయినేడు సరిపోయింది ముందల పరిచి
ఈ ఏటి గుడ్డ కోస్త.
అండాలక్కకు ఆది పనికిరాదు.
ఒక భుజం అర ఇంచు దిగింది.
వీపు కాడి వంపు కొత్తది.
చెయ్యి పూరాగ సాపుకాదు,
టేపు మోచేతి కాడ ఆగుతది.
ఏడాదికోసారి పాత లెక్క కొట్టేసి
పక్కన కొత్తది రాస్త.
నా నోటుబుక్కుల ఒక్క పేరు కింద
ఆరుగురు ఆడోళ్లున్నరు.

మొన్న తమ్ముని బిడ్డ ఓణీల ఫంక్షనుకని
జాకెట్టు గుడ్డ ఇచ్చింది.
సీరియల్ సూసుకుంట కుట్టిన.
కుడిచెయ్యి ఒక ఇంచు పొట్టిగైంది.
ఇచ్చినంక గాని నాకు తెల్వలే.
గాజుల రంగు పట్టినామె,
ఇది దొరకకుంట పోతదా?
ఫంక్షను అయినంక అదే తొడుక్కొని వచ్చింది.
స్టూలెక్కి కూసున్నది.
"ఇయ్యాల మామ చాయ్ తాగుతడా సూద్దాం" అన్నది.

నాకే పాణం ఆగలే.
గుండుసూది పండ్లల్ల పట్టుకొని
"చెయ్యి ఇటియ్యి అక్కా, విప్పి కుడత" అన్న.

"ఆగు. గడియారం సూడు.
అన్నం తింటున్నరు, పదింబావు.
నిన్న గొడవపడ్డప్పుడు సుత పదింబావే."

కండ్లు టీవీ మీదనే ఉన్నయి.
చెయ్యి మాత్రం,
ఎంతదాక వస్తదో అంతదాక,
నా దిక్కు సాపింది.