ఏడో పొర

రాత్రి రెండుంబావు.
ఏసీ కార్చిన నీళ్ళు ఎర్ర బకెట్లో
టప్ టప్ మంటున్నాయి.
కిటికీ అవతల సముద్రం.
ఇవతల స్టీలు డబ్బాలో శూన్యం.
మధ్యలో ఇద్దరం మనుషులం.
పైడిరత్నం రీసెర్చి స్కాలరు,
నేను పంపులు చూసేవాణ్ణి.

విశాఖ గాలికి ఉప్పెక్కువ.
గేటు గొళ్ళెం, సైకిలు చువ్వలు, కళ్ళజోడు మర,
దేన్నీ వదలదు.
అందుకే డబ్బాకి రేకు చుట్టి
నాలుగు రోజులు వేడి పెట్టాం,
గోడల్లో దాక్కున్న ఆఖరి తేమ బయటపడేదాకా.
లోపల చిటికెనవేలి గోరంత రాగి స్ఫటికం.
ఆర్గాన్‌తో గీకి, కాల్చి, మళ్ళీ గీకి,
పెళ్ళిచూపులకు కూడా ఎవర్నీ ఇంత తోమరు.

"మొదటి పొర" అంది రత్నం.
వెండి ఆవిరి లేచింది.
కనబడదు, వినబడదు.
గడియారమొక్కటే సాక్ష్యం.

మా అబ్బా కళాయి పూసేవాడు.
అల్లిపురం సందుల్లో కొలిమి తిత్తి భుజానేసుకుని
"కళాయ్" అని ఒకటే కేక.
గిన్నె కాగాక నవాసారం చల్లి
తెల్లటి పొగలో దూదితో తగరం తిప్పేవాడు.
పొగ తేరేసరికి గిన్నెలో నా ముఖం.
"దట్టంగా పుయ్యమంటారు అమ్మలు.
దట్టమైతే తగరం తగరమేరా.
పలచన ఉన్నప్పుడే కింది రాగితో మాటాడతాది."
తగరం మిగుల్చుకునే మాట అనుకునేవాణ్ణి.

హీలియం దీపం వెలిగింది.
వెలుగు తగిలి ఎలక్ట్రాన్లు గడప దాటుతున్నాయి.
ఎంత జోరున వచ్చావు, ఏ వాలున వచ్చావు,
చెక్‌పోస్టులా ఆపి అడుగుతోంది యంత్రం.
తెరమీద చిన్న గుట్ట లేచింది.

"ఇదేటమ్మా?"
"చేపల రేవు చూసావు కదా బాబాయ్,
ఇటు గోడ, అటు గోడ.
మధ్యన నీళ్ళు ఎక్కడికీ పోవు, నిలబడి ఊగుతాయి.
గోడల దూరానికి సరిపడిన అలే బతుకుతాది.
వెండిలో ఎలక్ట్రానుకీ అంతే.
పైన శూన్యం గోడ,
కింద రాగి, దాని శక్తికి అక్కడ చోటు లేదు పొమ్మంటాది.
పొర వేసినప్పుడల్లా గోడ జరుగుతాది,
అల మళ్ళీ కొలతలిచ్చుకుంటాది."

రెండో పొర. గుట్ట కదిలింది.
మూడు.
నాలుగు. పక్కన ఇంకోటి మొలిచింది.
ఐదు సరిగ్గా పడలేదు, దీవులు దీవులుగా పేరుకుంది.
రత్నం తిట్టుకుని, కాస్త వెచ్చచేసి సర్దింది.
ఆరు.
ఒక్క అణువు మందం పెరిగితే చాలు,
లోపలున్నవాళ్ళంతా లేచి వేరే మెట్టుమీద కూర్చుంటున్నారు.
ఈ అణువుదా ఆ ఎలక్ట్రాను, పక్క అణువుదా?
అడిగితే రత్నం నవ్వింది.
పొర మొత్తానిదట.

ఏడోది సగంలో ఉండగా కరెంటు పోయింది.

పంపు గొంతు నెమ్మదిగా దిగిపోయింది.
చీకట్లో నా చెయ్యే వెళ్ళి వాల్వు మూసింది.
దూరాన లంగరేసిన ఓడల దీపాలు.
డాల్ఫిన్స్ నోస్ వెలుగు ఓసారి గోడమీద తిరిగి పోయింది.
జనరేటరు అందుకునేసరికి తొమ్మిది నిమిషాలు.

"పారేసి మళ్ళీ మొదలెడదామా?"
"ఉండు బాబాయ్. సగం పొరని చూద్దాం."
ఆరుకీ ఏడుకీ నడుమ గుట్ట వస్తుందనుకున్నాను.
రాలేదు.
ఆరుది ఆరు దగ్గర, ఏడుది ఏడు దగ్గర,
పక్కపక్కన రెండు.
ఆరున్నర అనే ఊరే లేదు.

మా అటకమీద ఒక రాగి గిన్నె ఉంది.
సగం తెలుపు, సగం ఎరుపు.
అది పూస్తుండగానే అబ్బా కుడిచెయ్యి పడిపోయింది.
ఎవరి గిన్నెో ఆయన చెప్పలేకపోయాడు,
అడగడానికీ ఎవరూ రాలేదు.
రేపు తెస్తానన్నాను.
రత్నం తలెత్తలేదు, నోట్‌బుక్‌లో రాసుకుంటోంది.
ఆరు, ఏడు.
కరెంటు పోయిన టైము.
వాల్వు మూసినది: కాశింవలీ.
దీర్ఘం తప్పింది. దిద్దమనలేదు.