మూర మీద మూడు వేళ్లు

కొత్త ప్రమాణాలు కంపెనీ వాళ్లు సెల్లుకి పంపారు.
డాబాగార్డెన్స్ టీ కొట్టు దగ్గర నిలబడి
పగిలిన అద్దంలోంచి చదువుకున్నాను,
టీ మీద మీగడ కట్టేదాకా.

పాతదాంట్లో "ఉంటే మంచిది" అని ఉండేది.
ఆ మంచిది సందులోంచి ఎన్ని బిల్డింగులు
పక్కకి తిరిగి, భుజం వంచి, జారిపోయాయో నాకు తెలుసు.
కొన్నింటికి దారి చూపించింది నేనే.
ఇప్పుడక్కడ "ఉండి తీరాలి" అని రాశారు.
ఎవరు రాశారో, ఏ ఊళ్లో, ఏ గదిలో కూర్చుని
ఒక్క క్రియాపదం మార్చడానికి
ఎన్ని పొద్దులు కొట్లాడుకున్నారో.

నేను బెవర గురుమూర్తిని. ఫిట్టర్ని.
హుద్‌హుద్ వచ్చిన ఏడాది
ఈ ఐదంతస్తుల బట్టల కొట్టుకి పైపులు బిగించాను.
అప్పట్లో నా మోకాళ్లు నిచ్చెన మాట వినేవి.
ఇప్పుడు యల్లాజీ ఎక్కుతాడు.
నేను కింద నుంచి మెడ ఎత్తి మాట్లాడతాను.

"మావా, ఈటికి రంగేసీసినారు."
నాలుగో అంతస్తు, చీరల గోడౌను,
వరసగా పదకొండు తలలు.
ఏ దసరాకో పెయింటరు రోలరుతో ఆశీర్వదించి పోయాడు.
అరవై ఎనిమిది డిగ్రీలకి పగలాల్సిన గాజుగుళిక,
దాని కడుపులో ఎర్రటి చుక్క,
తెల్లటి ముసుగేసుకుని
ఏమీ ఎరగనట్టు పడుకుంది.
"తుడిస్తే పోదా?" అన్నారు నూకరత్నం గారు.
పోదండి. మార్చాల్సిందే, కొత్త పుస్తకంలో ఉంది.
పాత పుస్తకంలోనూ ఉంది.
మొన్నటేడు వచ్చినప్పుడు మీరడగలేదు, నేను చెప్పలేదు.
ఈ రెండో మాట పైకి అనలేదు.

ఇక్కణ్ణుంచి సముద్రం కనిపించదు.
కానీ మధ్యాహ్నం అయ్యేసరికి
వెంటిలేటర్లోంచి లోపలికొచ్చి
హేంగర్ల మీద కూర్చుని ఇనుము మేస్తుంది.
తీరం ఊళ్లకి జింకు పూత తప్పదని
ఈసారి విడిగా ఒక వాక్యం పెట్టారు.
చదివి నవ్వుకున్నాను.
మన ఉప్పుగాలి తగిలినవాడు ఎవడో
ఆ గదిలో ఉన్నాడన్నమాట.

చీరల బేళ్లు సీలింగు దాకా ఉన్నాయి.
"ఎంత దించమంటావు?"
అయిదు వందల మిల్లీమీటర్లండి.
"నాకు మిల్లీమీటర్లు రావు నాయనా."
మూర మీద మూడు వేళ్లు.
ఆవిడ స్టూలెక్కారు. వద్దన్నా ఎక్కారు.
నలభై ఏళ్లు వాయిలూ వెంకటగిరీ కొలిచిన చెయ్యి,
మోచేతి దగ్గర మొదలెట్టి, మధ్యవేలి కొస దాకా,
ఖాళీ గాలిని కొలిచింది.
అలవాటు కొద్దీ కాస్త కొసరు కూడా వేసింది.

"ఇంత చోటు ఊరికే వదిలెయ్యాలా?
ఇందులో ఎన్ని చీరలు పడతాయో తెలుసా?"
తెలీదండి.
నీళ్లు గొడుగు విప్పుకోవాలంటే
ఆపాటి చోటు కావాలి, అంతే తెలుసు.
"దీపావళి సరుకు వెళ్లాక చూద్దాం."

యల్లాజీ టెస్టు వాల్వు తిప్పాడు.
ముందు పైపు దగ్గింది.
తర్వాత నల్లగా, చిక్కగా, ఇనుము కంపుతో
బకెట్లోకి దూకాయి నీళ్లు.
కొట్లో పిల్లలు ముక్కు మూసుకున్నారు.
"మమ్మల్ని కాపాడేది ఈ మురుగా?"
ఇవేనమ్మా. ఇన్నేళ్లూ మీ నెత్తి మీద
కూర్చోకుండా కాపలా కాస్తున్నాయి.
వాటి వాసన వాటికి వచ్చింది.
రెండో బకెట్టు సగంలో రంగు తేలింది.
మూడోదాంట్లో ఆవిడ వేలు ముంచి చూశారు.
ఏమీ అనలేదు.

రిపోర్టులో పదకొండు తలలూ రాశాను.
బేళ్ల దగ్గర కలం ఆగింది.
మంచిది అని రాయబోయి
కొట్టేశాను.

సామాను సర్దుకుని మెట్లు దిగుతుంటే
మూడో అంతస్తు మలుపులో
పైన ధబ్బుమని చప్పుడు. ఒక బేలు.
యల్లాజీ ఆగి నా మొహం చూశాడు.
కింద రోడ్డు మీద సిటీ బస్సు హారను,
ఎవరో పువ్వులు మూర లెక్కన బేరమాడుతున్నారు.
పద, బస్సెళ్లిపోద్ది అనాలి నేను.
రెండోది పడేదాకా
అనలేదు.