ఫ్రక్టోజు గడి

పొద్దున ఆరింటికి ఓదెలు కిటికీ కొట్టి
వెచ్చటి గాజుగొట్టం నా చేతికిస్తాడు.
"ఇగో మేడమ్, నాలుగు వందల పదిహేడు.
ఇయ్యాల మనసు లేకుండె దానికి."
రిజిస్టరులో మనసుకు గడి లేదు.
పరిమాణం, నాలుగున్నర మిల్లీలీటర్లు.
రంగు, పలచటి మీగడ.
రాస్తాను.

కొత్తలో, పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే
పాల డిపార్టుమెంటు అనేదాన్ని.
అబద్ధం కాదు. పాలకు మొదలు ఇదే.

హన్మకొండ దాటాక మా ల్యాబు.
గ్రానైటు లారీ పోయినప్పుడల్లా
సూక్ష్మదర్శిని కింద లోకం వణికి కుదురుకుంటుంది.
యంత్రం గిరగిర తిరిగి ఆగాక
కణాలు అడుక్కి, నీరు పైకి.
అందరూ అడుగున ఉన్నవాటినే అడుగుతారు:
ఎన్ని కోట్లు, ఎన్ని ఈదుతున్నాయి, ఎన్నింటికి తోక వంకర.
నాది పైన తేలిన నీళ్ల పని.
ప్రయాణం వాళ్లది,
దారిబత్తెం లెక్క నాది.

అందులో చక్కెర ఉంది.
ఏటూరునాగారం అడవిలో మా అమ్మమ్మ
తెల్లారకముందే ఏరిన ఇప్పపువ్వులో తీపే ఇదీ.
నిమ్మకాయ పులుపూ ఉంది, కాసింత ఉప్పు,
ఎముకల్లో ఉండే సున్నం,
బకెట్టుకు పూసే జింకు.
కోట్లమందికి ఒకటే సద్దిమూట.
చేరితే ఒక్కడు చేరతాడు.
మిగతావాళ్ల సద్ది ఏమవుతుందో
ఏ పుస్తకంలోనూ చదవలేదు.

రిసార్సినాల్ వేసి మరిగిస్తే
మోదుగపువ్వులా ఎర్రబడాలి.
మే నెలంతా
వెలిసిన గాజుల రంగే వచ్చింది.
నలభై ఆరు డిగ్రీలు, రేకుల షెడ్డు.
ఆంబోతు నాలుక చాపి నిలబడి
ఎగశ్వాస పీలుస్తోంది.
"మూడు వారాలు చూశాం, లిస్టులో ఎక్కించండి" అన్నారు సారు.
లిస్టంటే వేలం.

ఓదెలు షెడ్డులోనే పండుకున్నాడు.
గోనెసంచులు తడిపి దాని వీపున కప్పి
గంటకో బకెట్టు.
"దాంట్ల తీపి తక్కువైందటగద మేడమ్,
బెల్లం పెడితే?"
బెల్లం రక్తందాకే పోతుందన్నా,
ఆ గ్రంథికి చక్కెర చెయ్యమని చెప్పేది వేరే అన్నాను.
తల ఊపాడు.
రాత్రి పెట్టాడు. నేను చూడలేదు.

రిమార్కుల గడిలో రాశాను:
ఎండ. మిరుగు పోయినంక మళ్లీ చూడాలి.
ఇది శాస్త్ర భాషేనా అని
సారు ఎర్ర పెన్నుతో చుట్టారు.
చుట్టి, కింద సంతకం చేశారు.

వానలు పడ్డ అయిదో వారం
గొట్టం పైకెత్తి చూశాను.
మోదుగ అనను.
పండీ పండని ఈతపండు.
కిటికీ అవతల ఓదెలు
అంకె అడగలేదు, రంగు చూశాడు.
"దానికి చెప్పొస్త" అని
బురదలో చెప్పులు చేతబట్టుకొని
షెడ్డు దిక్కు పోయాడు.
నేను గొట్టాలు కడగడానికి నల్లా విప్పాను.