బట్టల పద్దు

అమ్మమ్మకు ఆఖరిసారి తొడగాల్సిన నల్లగౌను
ఇస్త్రీ చేస్తున్నాను.
బల్ల మీద, నడుము వచ్చే చోట,
పెట్టె ప్రతిసారీ తట్టుకుంటోంది.

ఆ బల్ల మీది గుడ్డ మార్చనిచ్చేది కాదు ఎవరినీ.
మాడి, చిరిగి, మాసికల మీద మాసికలు పడ్డా
"దాని జోలికి పోకండి" అనేది.
కుట్లు విప్పాను.
పాత కంబళి పొరల మధ్య
మైనపుగుడ్డ అట్టతో
అరచేయంత పుస్తకం.

ష్టెఫ్కా జగార్. బిజోవిక్. 1942.

ప్రేమలేఖలేమో అనుకున్నాను, దాచడమెందుకు.
చూస్తే బట్టల పద్దు.
"సోమవారం. పళ్ళ డాక్టరు గారిల్లు. పసిగుడ్డలు పన్నెండు.
తోళ్ళవీధి టీచరమ్మ. దుప్పట్లు నాలుగు, అందులో రెండు చిన్నవి.
నీలిమందు అయిపోయింది."

మా ఊరి ఆడవాళ్ళంతా అప్పట్లో
ల్యుబ్‌ల్యానా మురికిని బండ్ల మీద తెచ్చుకుని
వాగులో జాడించి, బూడిదనీళ్ళలో ఉడకబెట్టి
శనివారానికి తెల్లగా తిప్పి పంపేవాళ్ళు.
ఇందులో కుట్టి దాచాల్సిందేముంది?

వంటింట్లో ఫ్రాంత్స్కా కూర్చుని ఉంది.
ఎనభై ఎనిమిదేళ్ళు. శవజాగారానికి వచ్చింది.
పుస్తకం చూపించాను.
ఆమె లేచి
ముందు కిటికీ మూసింది.
యుద్ధం ముగిసి డెబ్భై ఏళ్ళు.

"ఆ డాక్టరుకి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు" అంది.
"పసిగుడ్డలంటే గాయాల కట్లు. ఆయనిచ్చినవి అడవికి,
అడవిలోంచి నెత్తుటివి మా వాగుకి."
మరి దుప్పట్లు?
నా వైపు చూడలేదు.
"నగరం చుట్టూ ముళ్ళకంచె. గేటు దగ్గర ఇటలీ సోల్జర్లు.
మాసిన బట్టల మూటలో చెయ్యి పెట్టాలంటే
ఏ మగాడికైనా రోతే కదమ్మా."
తాతయ్యకు తెలుసా అన్నాను.
"ఆదివారానికి చొక్కా తెల్లగా ఉంటే చాలు ఆయనకి."

నా పదమూడో ఏట
పక్కగుడ్డ మీద మొదటి మరక చూసి ఏడుస్తుంటే
అమ్మమ్మ కసరలేదు, దగ్గరికీ తీసుకోలేదు.
"నెత్తుటికి చన్నీళ్ళే. వేణ్ణీళ్ళు తగిలాయా, ఇక పోదు."
అంతే అంది.
ఆ చేతులు తొట్టిలో ఎంత తొందరగా కదిలాయో!
ఎక్కడ నేర్చావని అడగలేదు.
ఆడవాళ్ళందరికీ తెలిసేదే అనుకున్నాను.

ఇంకోటీ అడగలేదు,
ప్రతిదీ రెండుసార్లు ఎందుకు లెక్కపెడుతుందో.
చెంచాలు. మెట్లు.
సెలవులకి బస్సు దిగిన మమ్మల్ని ఐదుగుర్ని
ఒకసారి వేలితో, ఒకసారి పెదాలతో.
వెనక నిలబడి అనుకరించి నవ్వుకునేవాళ్ళం.

నవంబరు పేజీలో ఉంది.
"దుప్పట్లు ఆరు" అని రాసి
ఆరు కొట్టేసి, ఏడు.
కింద, పెన్సిలు కాగితాన్ని చింపేంత నొక్కి:
"ఏడోది చిన్నది. ఆరనుకుని బండి కట్టాను.
గురువారం వెళ్తే తలుపుకి తాళం, తాళానికి లక్క ముద్ర."
ఆ తర్వాతి వరస:
"సోడా కొనాలి."

పేరు లేదు. ఆడో మగో లేదు.
ఇంకెక్కడా ఆ ఊసు లేదు, చివరి పేజీదాకా వెతికాను.
ఆ పేజీ మీదే
తాతయ్య కాలర్లు, మా బడి చొక్కాలు,
నా పెళ్ళిబట్టలు
ఆవిరి పట్టించి, చదును చేసి, మడతపెట్టింది.

"చిన్నపిల్ల తను కూడా, పంతొమ్మిదేళ్ళు"
నేనేమీ అనకుండానే అంది ఫ్రాంత్స్కా.
కాసేపాగి కాఫీ అడిగింది.
చక్కెర రెండు చెంచాలు వేశాను.
వేశానా? మళ్ళీ లెక్కపెట్టాను.

తెల్లవారకముందే పుస్తకాన్ని
కంబళి పొరల్లోకి తోసి కుట్టేశాను.
గౌను పరిచాను.
నడుము దగ్గర పెట్టె తట్టుకుంది,
చిన్న ముడత పడింది.
నీళ్ళు చిలకరిస్తే పోతుంది.
పోనివ్వలేదు.